నిద్రలో వంగే వేలు

చేతి సర్జరీలోకి కొత్తగా వచ్చే డాక్టర్లు నన్ను ముందుగా దారం గురించే అడుగుతారు. ఎంత సన్నని దారం వాడేవారు మేడమ్, ఎన్ని పోగులు వేసేవారు, ఎంత లాగితే తెగుతుంది అని. అడగాల్సిన ప్రశ్నలే. జవాబులు పుస్తకాల్లో ఉన్నాయి, నాకంటే బాగా రాసినవాళ్ళున్నారు. నేను మాత్రం ఒక పిల్ల వేలి గురించి రాస్తున్నాను. నేను అనకాపల్లిలో చేసిన ఉద్యోగమంతా కలిపి చూసుకున్నా ఆ వేలు నేర్పినంత ఇంకేదీ నేర్పలేదు. అందులో కొంత నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని వదిలేసి మిగతాది చెప్తే అబద్ధం చెప్పినట్టే కాబట్టి, అదీ ఇదీ కలిపే చెప్తాను.

దారం సంగతి

మన జనం చెయ్యి తెగితే "నరం తెగింది" అంటారు. వేలిని వంచేది నరం కాదు, తాడు. మేం టెండన్ అంటాం. మోచేతి కింద ఉన్న కండ లాగితే, ఆ తాడు వేలిలో ఒక ఇరుకు గొట్టంలోంచి జారుతూ వేలిని వంచుతుంది. తాడు తెగితే పైముక్క చటుక్కున అరచేతిలోకి పారిపోతుంది. దాన్ని వెతికి పట్టుకుని, మళ్ళీ గొట్టంలోంచి తీసుకొచ్చి, రెండు కొసలూ కలిపి కుట్టాలి.

పెద్దవాళ్ళలో అది కాస్త దళసరిగా ఉంటుంది. మూడేళ్ళ పిల్లలో ఉడికిన సేమ్యాలా ఉంటుంది. సూది ఒకటికి రెండుసార్లు గుచ్చితే పీచులైపోతుంది. ముడి లావైతే గొట్టంలో ఇరుక్కుంటుంది. సన్నమైతే విడిపోతుంది. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, కుట్టిన కొసలు తర్వాతి రోజుల్లో మెత్తబడతాయి. అతుక్కునేదాకా బరువంతా దారమే మోయాలి. ఆ రోజుల్లోనే పిల్లలకి నొప్పి తగ్గి, ఆటల మీదికి మనసు పోతుంది.

నాకు పని నేర్పినవారు మూర్తి గారు. ఆసుపత్రికి పెద్ద డాక్టరు. ఆయన ఒక కొస నుంచి ఇంకో కొసకి రెండు దారప్పోగులు వేసి, మోచెయ్యి దాటేదాకా కట్టు వేసేవారు. ఆయన కుడుతుంటే పక్కన నిలబడి చూడటమే ఒక చదువు. కానీ ఆయన పిల్లలతో మాట్లాడేవారు కారు. పిల్లని ఎదురుగా కూచోబెట్టుకుని, ఏం అడగాలన్నా, ఏం చెప్పాలన్నా పెద్దవాళ్ళతోనే. పిల్లలకి ఏం తెలుస్తుంది అనేవారు.

నాతవరం నుంచి వచ్చిన ఒక కుర్రాడు కట్టు వదులైపోతే తనే చెయ్యి బయటికి లాక్కుని, దూడ పలుపు పట్టుకుని లాగాడు. రెండు పోగులూ తెగిపోయాయి. అప్పట్నుంచి నేను పిల్లలకి నాలుగు పోగులు వేయడం మొదలెట్టాను. "లావవుతుందమ్మా, ఇరుక్కుంటుంది," అని మూర్తి గారు చాలాసార్లు అన్నారు. పిల్లలకి కదలొద్దని చెప్పి ఊరుకోబెట్టలేనప్పుడు, కదిలినా తెగకుండా కుట్టాలి కదా అన్నది నా వాదన. చివరికి నీ ఇష్టం అన్నారు. దారం విషయంలో నేను చెప్పగలిగింది ఇంతే.

ఎల్లాజీ కూతురు

ఆ పిల్ల పేరు నూకరత్నం, మూడేళ్ళు దాటాయి. ఇంట్లో రత్నం అనేవారు. పూడిమడక వైపు సముద్రపొడ్డు పల్లె నుంచి తండ్రి ఎత్తుకుని తీసుకొచ్చాడు. చేపలు కోసే కత్తిపీట మీద చెయ్యి వేసింది. కుడిచేతి చూపుడువేలు. వంచే తాళ్ళు రెండూ, ఒక పక్క స్పర్శ నరం కూడా తెగిపోయాయి.

తండ్రి ఎల్లాజీ సముద్రం మీద చేపల వేటకెళ్ళే మనిషి. పెద్ద గొంతు, పెద్ద చేతులు. ఆ చేతుల్తో పిల్ల మొహం తుడుస్తుంటే ఎక్కడ గీసుకుంటుందో అన్నట్టు తుడిచేవాడు. తల్లి రాజేశ్వరి, నాయనమ్మ కాసులమ్మ తర్వాత బస్సు మీద వచ్చారు.

నాలుగు పోగులు వేసి కుట్టాను. నరం కూడా కలిపాను. డిశ్చార్జి రోజున మూర్తి గారు ఎల్లాజీని పిలిచి గట్టిగా చెప్పారు.

"మేం చెప్పేదాకా ఆ వేలు వంచకూడదు. వంచిందా, తెగిపోద్ది. మళ్ళీ కొయ్యాలి. తెలిసిందా?"

"తెలిసింది బాబూ. నాను సెప్తాను దానికి," అన్నాడు ఎల్లాజీ.

కట్టు విప్పే రోజుకి ఎల్లాజీ రాలేదు. అత్తాకోడళ్ళు పిల్లని తీసుకొచ్చారు. రత్నం ముందు వాళ్ళు ఏమీ మాట్లాడలేదు. నర్సు పిల్లని పక్క గదిలోకి తీసుకెళ్ళాక కాసులమ్మ చెప్పింది. వేటకెళ్ళిన పడవ గాలికి తిరగబడిందట. మిగతావాళ్ళు పడవని పట్టుకుని వేలాడి బతికి వచ్చారు. ఎల్లాజీ రాలేదు. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు.

"పిల్లకి సెప్పలేదమ్మా. ఏటకెల్లేడనే సెప్పేం," అంది కాసులమ్మ.

రాజేశ్వరి తల దించుకుని నిలబడింది. నుదుట బొట్టుంది. చేతికి గాజులున్నాయి.

కట్టు విప్పాను. మచ్చ బాగుంది. వాపు లేదు. మూడు వేళ్ళూ, బొటనవేలూ కదిలాయి. చూపుడువేలు మాత్రం పుల్లలా నిలబడిపోయింది. వంచమంటే వంచదు. బిస్కట్ ఇస్తే మిగతా వేళ్ళతో పట్టుకుంటుంది. నేను పట్టుకుని చూడబోతే చెయ్యంతా బిగబెట్టేస్తుంది.

"తెగిపోయింది," అన్నారు మూర్తి గారు. "ఈ వారం చూద్దాం. కదలకపోతే తెరుద్దాం."

తెగిన చోట మళ్ళీ తెరిచి కుట్టడం అంత తేలిక కాదు. ఒక్కోసారి వేలు జీవితాంతం కర్రలా ఉండిపోతుంది. తెగకుండానే తెరిస్తే, బాగున్నదాన్ని మన చేత్తో పాడుచేసినట్టు. అందుకని పిల్లని వార్డులో పెట్టుకుని, నిద్రపోతుంటే చూద్దామన్నాను. నిద్రలో చెయ్యి వదులైపోతుంది. తాడు బాగుంటే వేళ్ళన్నీ వరసగా కొంచెం కొంచెం వంగి ఉంటాయి. తెగితే ఆ ఒక్క వేలూ వరస తప్పి చాచుకుని ఉంటుంది. చిన్నపిల్లల విషయంలో ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు తెలీదు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళేసరికి రత్నం నిద్రపోతోంది. చూపుడువేలికి చీపురుపుల్ల ముక్క ఆనించి, నల్లదారంతో గట్టిగా చుట్టేసి ఉంది. వేలి కొస కందిపోయింది.

నాకు కోపం వచ్చింది. "ఎవరు కట్టారిది?"

"నానే కట్టేనమ్మా," అంది రాజేశ్వరి.

"ఎందుకు?"

మంచం అవతల నేల మీద కూచున్న కాసులమ్మ అంది, "సెప్పవే. డాక్టరమ్మకి సెప్పు."

"పడుకున్నాక పిలుత్తందమ్మా," అంది రాజేశ్వరి. "ఆ ఏలు వంచి వంచి పిలుత్తంది."

"ఎవర్ని?"

"ఆళ్ళయ్యని."

వేలు నిద్రలో వంగుతోందన్న మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. తాడు తెగలేదన్నమాట. కానీ వాళ్ళ మొహాలు చూస్తే ఆ సంతోషం పైకి చెప్పాలనిపించలేదు.

"సముద్రంలో పోయినోల్లకి కర్మకాండ జరక్కపోతే ఆల్లక్కడే తిరుగుతుంటారమ్మా," అంది రాజేశ్వరి. "పిలవకూడదు. పిలిత్తే వత్తారు. పిలిసినోల్లని తీసుకుపోతారు."

"వత్తే రానీ," అంది కాసులమ్మ. "నా కొడుకే కదేటి. సొంత కూతుర్ని ఏటి సేత్తాడు?"

"తీసుకుపోతాడత్తా."

"నువ్వు కడతావు, నానిప్పుతాను. పొద్దున్న కూడా ఇప్పేను."

పిల్ల వేలు ఇద్దరి మధ్యా నలుగుతోందని అప్పుడు అర్థమైంది. దారం నేనే విప్పాను. ఇలా కట్టేస్తే తాడు గొట్టానికి అతుక్కుపోయి ఇంక ఎప్పటికీ వంగదని రాజేశ్వరికి చెప్పాను. ఆవిడ విని ఒకటే అడిగింది.

"ఇప్పితే మీరు పక్కన కూకుంటారా అమ్మా?"

కూచుంటానన్నాను.

ఆ మధ్యాహ్నం

ఉక్కగా ఉంది. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది. బెల్లం మార్కెట్ వైపు నుంచి లారీల చప్పుడు కూడా లేదు. గదిలో రెండో మంచం ఖాళీ. రత్నం వెల్లకిలా పడుకుని ఉంది. కుడిచెయ్యి తలగడ మీద పెట్టాను, అరచెయ్యి పైకి.

మొదట ఏమీ లేదు. వేళ్ళు నాలుగూ వరసగా, మెత్తగా వంగి ఉన్నాయి. చూపుడువేలు కూడా వరసలోనే ఉంది. కుట్టు నిలిచింది. లేచి వెళ్ళిపోదామనుకుంటుండగా ఆ వేలు కదిలింది.

నిద్రలో పిల్లల వేళ్ళు అదరడం నేను చాలాసార్లు చూశాను. గబుక్కున, అన్నీ కలిసి అదురుతాయి. ఇది అలా లేదు. మిగతా వేళ్ళు నిద్రపోతూనే ఉన్నాయి. ఆ ఒక్కటే కొస దగ్గర్నుంచి మెల్లిగా ముడుచుకుంది. కొక్కెంలా అయింది. కాసేపు అలాగే ఉండి, వదిలింది. మళ్ళీ ముడుచుకుంది. ఉత్త గాల్లో వంగే వేలు వంగినట్టు లేదు. దేన్నో తగిలించుకుని లాగుతున్నట్టుంది. గోరు కింద తెల్లబడింది. బరువు పడితేనే గోరు అలా తెల్లబడుతుంది.

చెయ్యి తలగడ మీంచి మంచం అంచుకి జరిగింది. పిల్ల భుజం కదల్లేదు. చెయ్యి మాత్రం జరిగింది. రాజేశ్వరి పిల్ల మోచెయ్యి రెండు చేతుల్తో పట్టేసుకుంది.

"గట్టిగా లాగకు అయ్యా," అంది రత్నం నిద్రలో. "తెగిపోద్ది."

కాసులమ్మ మోకాళ్ళ మీద లేచి గుమ్మం వైపు చూసింది. నేనూ చూశాను. గుమ్మంలో ఎవరూ లేరు.

డాక్టర్ని కాబట్టి నేను చెయ్యాల్సింది చేశాను. కుట్టు బలం చూద్దామని ఆ కొక్కెంలో నా చిటికెన వేలు పెట్టాను. పట్టు ఉంది. ఆ వయసు పిల్లకి ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. ఆ వేలి కొస చల్లగా ఉంది. బొటనవేలితో తడిమి చూశాను. చర్మం ముడతలు పడి ఉంది, చాలాసేపు నీళ్ళలో నానినట్టు.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. నీళ్ళలో నానితే వేళ్ళ కొసలు ముడతలు పడటం నరం చేసే పని. నరం తెగిన వేలు ఎంత నానబెట్టినా నున్నగానే ఉంటుంది. స్పర్శ ఉందో లేదో చెప్పలేని చిన్నపిల్లల్ని మేం అలాగే పరీక్ష చేస్తాం. రత్నం వేలికి ఒక పక్క నరం తెగింది. నేను కలిపాను, కానీ అది మళ్ళీ పెరిగి కొసదాకా రావడానికి నెలలు పడుతుంది. ఆ పక్క కూడా ముడతలు పడి ఉంది. చెమటేమో అనుకుని పక్క వేళ్ళు చూశాను. పొడిగా, నున్నగా ఉన్నాయి. దుప్పటి పొడిగా ఉంది. దారం బిగుతుకి అలా అయిందేమో అనుకున్నాను. కానీ దారం విప్పినప్పుడు ఆ కొస నేను చూశాను కదా. కందింది, అంతే. ముడతల్లేవు.

నా చెయ్యి చీర కొంగుకి తుడుచుకున్నాను. ఎందుకు తుడుచుకున్నానో తెలీదు.

రత్నం మేలుకుంది. వెంటనే వేలు నిటారుగా నిలబడిపోయింది. అప్పుడు నాకు తట్టింది. ఇంతమందిమి ఇన్నిసార్లు "వంచు" అన్నాం గానీ, ఎందుకు వంచడం లేదని ఆ పిల్లని ఒక్కరం కూడా అడగలేదు. మంచం మీద కూచుని అడిగాను.

"రత్నం, వేలు ఎందుకు వంచట్లేదమ్మా?"

"వంచకూడదు."

"ఎవరు చెప్పారు?"

"అయ్య సెప్పేడు. తనొచ్చేదాకా వంచొద్దన్నాడు."

మేం చెప్పేదాకా అని మూర్తి గారు తండ్రికి చెప్పిన మాట, వేటకెళ్తూ తండ్రి పిల్లకి చెప్పేసరికి నేనొచ్చేదాకా అయింది. పిల్ల ఆ మాట నిలబెట్టుకుంటోంది.

"నేను డాక్టర్ని కదా, నేను చెప్తున్నాను. ఇంక వంచొచ్చు," అన్నాను.

రత్నం నా వైపు జాలిగా చూసింది. "నువ్వు కాదు. అయ్య సెప్పాల."

రాజేశ్వరి చెప్పలేని మాట

మూర్తి గారికి అంతా చెప్పాను, ముడతల సంగతి తప్ప. ఆయనకి అది తేలికైన సమస్య. "నాన్న వచ్చి చెప్పాడని తల్లిని చెప్పమను. చిన్న అబద్ధం. వేలు బతుకుతుంది," అన్నారు. తెలివైన సలహానే. రాజేశ్వరికి చెప్పాను.

"వచ్చేడని నా నోటితో ఎలా అనమంటారమ్మా?" అంది. "అంటే వచ్చినట్టే. ఆడికి దారి సూపెట్టినట్టే."

"పోనీ నాన్న ఇంక రాడు అని చెప్పు. ఏదో ఒకటి చెప్పాలి కదా."

ఆవిడ తన గాజుల వైపు చూసుకుంది.

వచ్చాడనీ అనలేదు, రాడనీ అనలేదు. వారం అయిపోవస్తోంది. ఆపరేషన్ థియేటర్లో పిల్ల పేరు రాయమని మూర్తి గారు చెప్పేశారు. బయట వరండాలో కాసులమ్మ నర్సు చేత కొడుకు ఫోను నంబరు నొక్కించుకుని, స్విచాఫ్ అని ఆడగొంతు చెప్పేది చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా వింటోంది.

థియేటర్‌కి తీసుకెళ్ళాల్సిన రోజుకి ముందు రోజు మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి కూచున్నాను. రాజేశ్వరి ఈసారి వేలు కట్టలేదు. పిల్ల ఎడమచెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని కూచుంది. తీసుకుపోతే నన్నూ తీసుకుపో అన్నట్టు ఉంది ఆ కూచోవడం.

వేలు వంగింది. రత్నం నిద్రలో నవ్వింది. పిల్లలు ఎత్తుకున్నప్పుడు నవ్వే నవ్వు. తర్వాత వేలు మెల్లిగా విచ్చుకుని, చెయ్యి తలగడ మీద వాలిపోయింది. గదిలో తడి ఇసక వాసన వచ్చింది. కిటికీ అవతల సిమెంటు గోడ. ఆ వాసన నాకు మాత్రమే వచ్చిందో, వాళ్ళకీ వచ్చిందో అడగలేదు.

రత్నం లేచి కూచుంది.

"అయ్యొచ్చేడు," అంది. "వంచీమన్నాడు."

మా ముందే పిడికిలి బిగించింది. చూపుడువేలు కొస అరచేతికి తగిలింది. పూర్తిగా వంగింది. వారాలుగా కదలని వేలు మొదటిసారే అంత వంగదు. బిగుసుకుపోయి, రోజూ కొంచెం కొంచెం వస్తుంది. ఇది రోజూ వంగుతున్న వేలు వంగినట్టు వంగింది.

"ఎక్కడున్నాడు?" అంది రాజేశ్వరి.

"ఎల్లిపోయేడు."

"ఏటన్నాడు?"

"సలేత్తందన్నాడు. ఇంక రానన్నాడు."

కాసులమ్మ మంచం అంచు పట్టుకుని ముందుకి వంగింది. "నన్నడిగేడా అమ్మా? మా అమ్మేదని అడిగేడా?"

రత్నం ఆలోచించింది. అబద్ధం చెప్పడం రాని వయసు. తల అడ్డంగా ఊపింది.

రాజేశ్వరి లేచి బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంది. చాలాసేపటికి వచ్చింది. చేతులకి గాజులు లేవు. వచ్చి పిల్లని ఒళ్ళో పెట్టుకుని, పడవ తిరగబడిందనీ, అయ్య ఇంక రాడనీ తన నోటితో చెప్పింది. రత్నం "తెలుసు," అంది.

మీకు చెప్పేది

ఆపరేషన్ లిస్టులో పిల్ల పేరు కొట్టించేశాను. మూర్తి గారు వేలు చూసి, నాలుగు పోగులే మంచివేమో అన్నారు. ఆయన అంతకంటే మెచ్చుకోగా నేను ఎప్పుడూ వినలేదు.

దీనికి నేను డాక్టర్లకి చెప్పే వివరణ ఒకటుంది. మంచం పక్కన పెద్దవాళ్ళు గుసగుసలాడుకున్నవన్నీ పిల్ల వింది. తండ్రి రాడని దానికి లోపల తెలుసు. తండ్రి మాట దాటలేక, తండ్రి చేతే కలలో అనుమతి ఇప్పించుకుంది. మేలుకున్నప్పుడు బిగపట్టిన వేలు నిద్రలో కదులుతూ ఉండబట్టి, తాడు అతుక్కుపోలేదు. ఇది సరైన వివరణ అనే అనుకుంటాను. ముడతలు ఇందులో ఇమడవు. చెయ్యి దానంతట అది జరగడం కూడా ఇమడదు. ఇమడలేదని చెప్పడం కూడా మన వృత్తిలో భాగమే.

మీరు నేర్చుకోవాల్సింది చిన్నదే. కట్టు వేసేటప్పుడు పిల్లకి పిల్ల మొహం చూసి మీరే చెప్పండి. విప్పేటప్పుడు కూడా మీరే చెప్పండి. మీ మాట ఇంకొకరి నోట్లోంచి వెళ్తే అది ఏమవుతుందో మీకు తెలీదు. వేలు కదలకపోతే, కత్తి తీసే ముందు, ఎందుకమ్మా అని అడగండి.

కొన్నాళ్ళ తర్వాత వాళ్ళు చివరిసారి చూపించుకోవడానికి వచ్చారు. రత్నం చెయ్యి బాగుంది. పెన్సిలు పట్టుకుని నా బల్ల మీద కాగితమంతా గీతలు గీసింది. నిద్రలో వేలు కదలడం ఆగిపోయిందని రాజేశ్వరి చెప్పింది. పిల్లని తీసుకుని మందుల కౌంటరు దగ్గరికి వెళ్ళింది.

కాసులమ్మ వెళ్ళలేదు. తలుపు దగ్గరికి వేసి వచ్చి నా ఎదురుగా కూచుంది.

"ఒక మాటమ్మా," అని తన కుడిచెయ్యి బల్ల మీద పెట్టింది. వలతాళ్ళకి కాయలు కాసిన చెయ్యి. చూపుడువేలు నా వైపు చాపింది.

"దీన్ని కూడా కోసి కుట్టీమ్మా."

"ఏమైంది దీనికి?"

"ఏటీ అవలేదు. బాగానే ఉంది." ఆవిడ గొంతు తగ్గించింది. "కుట్టిన ఏలుకే వత్తాడేమో."

ఆ వేలు రెండు చేతుల్లోకి తీసుకున్నాను. ఆవిడ అలాగే చూస్తూ ఉంది, నేను ఒప్పుకుంటానని. బయట రత్నం "మామ్మా" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. కాసులమ్మ కదల్లేదు.